తీవ్ర ప్రసవ గాయం తరువాతి కాన్పు

తీవ్ర ప్రసవ గాయం అనగా సహజ కాన్పు సమయంలో యోనికి, మలద్వారానికి మధ్యనున్న భాగం చిరిగి, ఆ చిరుగు మలద్వారాన్ని మూసి ఉంచే వలయాకార కండరం వరకు వ్యాపించడం. ఈ కండరాన్ని స్ఫింక్టర్ అంటారు. ఇటువంటి గాయమైన స్త్రీ మరల గర్భవతి అయినపుడు సహజ కాన్పా, సిజేరియన్ శస్త్రచికిత్సా అనేది నిర్ణయించుకోవలసి ఉంటుంది. పాత గాయం ఒక్కటే ఈ నిర్ణయానికి ఆధారం కాదు. ఆ కండరం ప్రస్తుతం ఎంత బాగా పనిచేస్తున్నదనేది ముఖ్యం.

గాయం స్థాయిలు

కాన్పులో కలిగే చిరుగులను నాలుగు స్థాయిలుగా విభజిస్తారు.

* మొదటి స్థాయి: చర్మం, యోని లోపలి పొర మాత్రమే చిరుగుతాయి.
* రెండవ స్థాయి: వాటి కింది కండరాలు కూడా చిరుగుతాయి, స్ఫింక్టర్‌కు హాని ఉండదు.
* మూడవ స్థాయి: స్ఫింక్టర్ కొంతవరకు గాని, పూర్తిగా గాని తెగుతుంది.
* నాలుగవ స్థాయి: స్ఫింక్టర్‌తో పాటు దాని లోపలి పొర కూడా చిరుగుతుంది.

చివరి రెండింటిని తీవ్ర గాయాలుగా పరిగణిస్తారు. తొలి కాన్పు, శిశువు బరువు 4 కిలోలకు మించడం, ఫోర్సెప్స్ వాడకం, బిడ్డ బయటకు వచ్చే దశ ఎక్కువసేపు సాగడం వీటికి ముఖ్య కారణాలు.

గాయం తరువాత

గాయాన్ని గుర్తించి సరిగా కుట్లు వేస్తే, నూటికి 60 నుండి 80 మంది ఏడాది తిరిగేసరికి ఏ ఇబ్బందీ లేకుండా ఉంటారని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజ్ 2015 మార్గదర్శకాలు తెలుపుతున్నాయి. మిగిలినవారిలో కొందరికి అపానవాయువును గాని, మలాన్ని గాని ఆపుకోలేని స్థితి మిగిలిపోతుంది. సిగ్గువలన చాలామంది దీనిని ఇంట్లోవారికి కూడా చెప్పరు. అయితే తరువాతి కాన్పు నిర్ణయానికి అత్యంత అవసరమైన సమాచారం ఇదే.

ఎంపిక

ఇబ్బంది లేనివారు, పరీక్షలలో కండరం బాగున్నవారు సహజ కాన్పుకు ప్రయత్నించవచ్చు. వీరిలో తీవ్ర గాయం మరల కలిగే అవకాశం నూటికి 5 నుండి 7 వరకు ఉంటుంది. ముందుజాగ్రత్తగా అందరికీ యోనిద్వారం వద్ద కోత పెట్టడం వలన మేలు కలుగుతుందని రుజువు కాలేదు. బిడ్డ తల బయటకు వచ్చేటపుడు గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టడం తీవ్రమైన చిరుగులను తగ్గిస్తుంది.

మలం ఆపుకోలేని ఇబ్బంది ఉన్నవారితో, పరీక్షలలో కండర లోపం కనిపించినవారితో సిజేరియన్ గురించి చర్చించాలి. ఇది కొత్త చిరుగును నివారిస్తుంది కాని, పాత లోపాన్ని సరిచేయదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, తరువాతి గర్భాలలో మాయ గర్భాశయానికి గట్టిగా అతుక్కుపోవడం వంటి ప్రమాదాలు దీనికి ఉన్నాయి. కనుక ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఈ విషయం కూడా ఆలోచించుకోవాలి. అనుకున్న తేదీకి ముందే నొప్పులు మొదలైతే ఏమి చేయాలో కూడా ముందుగానే నిర్ణయించుకోవాలి.

కడప ప్రాంతంలో

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. వాటితో సహా మొత్తం కాన్పులలో 42.4 శాతం సిజేరియన్లు కాగా, దేశ సగటు 21.5 శాతం. సిజేరియన్ ఇంత సాధారణమైనచోట, గాయం చరిత్ర వినగానే ఆపరేషన్ నిశ్చయించుకోక, కండరం స్థితిని తెలుసుకోవడం అవసరం. కడపలో 2006లో ఏర్పడిన రిమ్స్, కర్నూలులో 1957లో స్థాపించబడిన వైద్య కళాశాల ఈ ప్రాంతపు ప్రభుత్వ బోధనా కేంద్రాలు.

తొలి కాన్పు పుట్టింట జరగడం ఆచారం. తరువాతి కాన్పు అత్తవారి ఊరిలో జరిగితే, అక్కడి వైద్యులకు పాత గాయం సంగతి తెలియదు. అందువలన గాయం స్థాయి, వేసిన కుట్ల వివరాలు ఉన్న డిశ్చార్జి పత్రాన్ని భద్రపరచి, గర్భం నిర్ధారణ అయిన తొలి నెలల్లోనే వైద్యులకు చూపాలి. పత్రం లేకపోతే గాయం గురించి నోటితోనైనా తెలపాలి.