బ్యాటరీ మార్చినా తీరని అంబాసిడర్ జబ్బు

పొద్దున్నే నలుగురు కలిసి తోస్తేగాని కారు కదలదు. రాత్రిపూట హారన్ కొడితే హెడ్‌లైట్లు మసకబారుతాయి. తప్పు బ్యాటరీదేనని యజమాని కొత్తది కొని వేయిస్తాడు. నాలుగు రోజులు బాగానే నడిచి, ఐదో రోజు మళ్లీ తోపుడే. పాత అంబాసిడర్లు ఉన్నవారికి ఇది తెలిసిన కథే. డబ్బు పోవడం ఒక ఎత్తు కాగా, పెళ్లివారిని దింపి వచ్చే వేళ చీకట్లో దీపాలు ఆరిపోతే అది ప్రాణాల మీదకు వచ్చే సంగతి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మిగిలిన బళ్లలో బాగా పాతవాటికి ఆల్టర్నేటర్ కాక డైనమో ఉంటుంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డుపై ఎర్రదీపం వెలగాలి, ఇంజన్ వేగం అందుకోగానే ఆరాలి. బండి నిలిపి ఉంచినపుడు అది కాస్త మిణుకుమంటే కంగారు అక్కరలేదు. డైనమో స్వభావమే అంత. రేజ్ చేసినా ఆరకపోతే మాత్రం చార్జింగ్ లేనట్టే.

ముందు ఫ్యాన్ బెల్టు చూడాలి. బొటనవేలితో నొక్కితే అరంగుళం లోపలికి పోవాలి. అంతకు మించి వదులైతే బెల్టు జారిపోతుంది, డైనమో సరిగా తిరగదు. బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లపొడిని వేడినీళ్లతో కడగాలి. బాడీకి బిగించిన ఎర్తు వైరును చాలామంది పట్టించుకోరు. తుప్పు పట్టిన ఆ బోల్టే ఒక్కోసారి అసలు దొంగ.

ఇవన్నీ సరిగా ఉంటే డైనమోనే పరీక్షించాలి. దాని రెండు వైర్లూ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న తీగతో కలిపి, అక్కడికీ బాడీకీ మధ్య వోల్టుమీటరు పెట్టాలి. ఇంజన్ వేగాన్ని మెల్లగా పెంచితే ముల్లు కూడా లేవాలి. 20 వోల్టులు దాటనివ్వరాదు. ముల్లు లేచిందంటే డైనమో మంచిదే, లోపం కటౌట్ పెట్టెలోనో వైర్లలోనో ఉంది. లేవకపోతే కార్బన్లు అరిగి ఉంటాయి, లేదా కమ్యుటేటర్ మసిపట్టి ఉంటుంది. కొత్త బ్యాటరీ ఖర్చుతో పోలిస్తే కార్బన్ల ఖర్చు ఏపాటిది!

కొందరు పాత మెకానిక్కులకు ఇంకో అలవాటుంది. ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకి, బండి ఆగకపోతే చార్జింగ్ ఉన్నట్టే అంటారు. డైనమో కాలంలో పుట్టిన పద్ధతి అది. ఇపుడు చాలా అంబాసిడర్లకు డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించారు. వాటి మీద ఈ ప్రయోగం చేస్తే లోపలి డయోడ్లు మాడిపోతాయి. అప్పటిదాకా బాగున్న ఆల్టర్నేటర్ ఆ క్షణంలోనే పాడవుతుంది. ఆ బళ్లకు వోల్టుమీటరును బ్యాటరీ మీదనే పెట్టి చూస్తే చాలు. ఇంజన్ రేజ్‌లో ఉండగా 14 వోల్టుల దరిదాపుల్లో చూపితే చార్జింగ్ ఉన్నట్టే.