పెద్దలే పౌరులైన పురము



తల నెరసి, దేహము ముడుతలు పడి, మనుమని ముఖము చూచిన గృహస్థు అడవి కేగవలెనని మన ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. నేడు అడవులకు పోవువారు లేరు. అయినను, పని చాలించిన వృద్ధుడు శేషించిన కాలమును ఎచ్చట, ఎవరితో, ఏ ప్రయోజనముతో గడపవలెనన్న ప్రశ్న మాత్రము తీఱలేదు. ఈ ప్రశ్నకు అమెరికా దేశమువారు ఒక వింత సమాధానము కల్పించిరి. వృద్ధులు మాత్రమే కాపురముండు ఊళ్లను కట్టిరి. అట్టివానిలో పేరుగాంచిన సన్ సిటీ అను పురము ఎట్లు నడచుచున్నదో, అందలి మేలేమో, కొఱత యేమో నేడు విన్నవింతును. నేను చిరకాలము బడిపంతులుగా నుండి విశ్రాంతి పొందినవాడను గనుక ఈ విషయము నాకును పరాయిది కాదు.

ఆ దేశమున 1935వ సంవత్సరమున సామాజిక భద్రతా చట్టము పుట్టెను. పనిచేయు కాలమున జీతములో కొంత పన్నుగా చెల్లించినవారికి వార్ధక్యమున నెలనెలకు భృతి లభించు నేర్పాటు దానివలన కలిగెను. క్రమముగా ఆయుర్దాయము పెరిగెను. బిడ్డలు ఉద్యోగములకై దూరప్రాంతములకు పోయిరి. చేతిలో కొంత పైకము, ఒంటిలో కొంత ఓపిక ఉండియు చేయుటకు పనిలేని పెద్దలు లక్షలాదిగా నుండిరి. ఇట్టివారికొఱకే ఆరిజోనా రాష్ట్రమున 1954లో యంగ్‌టౌన్ అను చిన్న ఊరు వెలసెను. దాని చెంతనే, అంతకుమునుపు ప్రత్తి పండిన భూములలో, డెల్ వెబ్ అను గృహనిర్మాత 1960వ సంవత్సరము జనవరి 1వ తేదీన సన్ సిటీని ప్రారంభించెను. ముందు ఇండ్లు కట్టి వసతులు పిమ్మట చూతమని ఆయన అనుకొనలేదు. అంగళ్లు, వినోదమందిరము, ఆటస్థలము మొదటనే సిద్ధపఱచి, ఆ తరువాతనే జనులను పిలిచెను. 2020 జనాభా లెక్కలలో ఆ ఊరి జనసంఖ్య ఇంచుమించు 40,000.

అచ్చటి మూలనియమ మొక్కటి. ఇంటికొక్కరైనను 55 ఏండ్లు నిండినవారుండవలెను. మనుమలు చుట్టపుచూపుగా వచ్చి కొన్నాళ్లుండవచ్చును గాని కాపురముండరాదు. పిల్లలు గలవారికి ఇల్లు నిరాకరింపరాదని ఆ దేశమున 1988లో శాసనము చేసినపుడు, ఇట్టి వృద్ధనివాసములకు మినహాయింపు నొసగిరి. నూటికి 80 ఇండ్లలోనైనను 55 ఏండ్లు నిండినవారుండవలెననుట ఆ మినహాయింపునకు ముఖ్యమైన కట్టుబాటు.

ఇక వారి దినచర్య. తెల్లవాఱగనే కొందఱు నడకకు, కొందఱు ఈతకు పోవుదురు. ఇంటినుండి అంగడికి, అంగడినుండి మందిరమునకు చిన్న చిన్న విద్యుద్బండ్లపై తిరుగుట అచ్చట సర్వసాధారణము. వినోదమందిరములు ప్రభుత్వమువి కావు, ధనికుని సొత్తును కావు. ఊరివారందఱును సభ్యులుగా నున్న సంఘమొకటి వానిని నడపుచున్నది. ఇంటి సొంతదారులు ఏటేట చందా చెల్లింతురు. సంఘపు నిర్వాహకులను సభ్యులే ఎన్నుకొందురు. ఆ నీడలో నూటికి పైగా చిన్న కూటములు కలవు. కొయ్యపని చేయువారొక చోట, కుండలు చేయువారొక చోట, బట్టలు కుట్టువారొక చోట, పాడువారొక చోట కూడుదురు. భార్యను గాని భర్తను గాని పోగొట్టుకొని ఒంటరియైన మనుష్యునికి మఱునాడు పోదగిన తావొకటి ఉన్నదనుట చిన్న మేలు కాదు.

ఇచ్చట మీకొక సందేహము కలుగవచ్చును. ఈ ఊరి నేలువారెవరు? సన్ సిటీకి పురపాలక సంఘము లేదు, నగరాధ్యక్షుడును లేడు. మన జిల్లాను కొంత పోలిన మారికోపా కౌంటీవారు రహదారులను, రక్షకభట వ్యవస్థను చూచుకొందురు. తక్కినదానిలో చాలభాగము పౌరులు తమ చేతులమీదుగనే నడపుకొనుచున్నారు. వీధులు ఊడ్చి, బాటల నడుమనున్న చెట్లను తీర్చు స్వచ్ఛంద దళమొకటి కలదు. ఊరికి పోయినవారి ఇండ్లను కనిపెట్టుచు, రక్షకభటులకు తోడ్పడు దళము మఱియొకటి. రోగులకు మంచములు, చక్రముల కుర్చీలు ఊరక ఎరువిచ్చు సంస్థయు నొకటి ఏర్పడినది. చూడవచ్చిన మనుమలకొఱకు పసిపిల్లల మంచములను గూడ అది ఎరువిచ్చును. 1970లో అచ్చట ఆసుపత్రి నెలకొల్పినప్పటినుండియు దానికి స్వచ్ఛంద సేవకులు అండగా నిలిచిరి.

ఈ పనులు సాగుటకు కారణమేమి? జీతము ముగిసినను నేర్పు ముగియదు. లెక్కలు వ్రాసినవానికి లెక్కలు వ్రాయుట, యంత్రములు బాగుచేసినవానికి బాగుచేయుట చేతనైన పనియే. ఆ నేర్పునకు పని చూపు చోటొకటి కావలెను. ఆ పురము అట్టి చోటు చూపినది. “నాతో ఇంకను అవసరమున్నది” అను భావము వృద్ధునికి మందులకన్న ఎక్కువ బలము నిచ్చును.

అయితే, ఏ వయస్సు కట్టుబాటు ఆ ఊరికి ఐకమత్యము నిచ్చెనో, ఆ కట్టుబాటే దానికొక మచ్చను గూడ తెచ్చెను. ఆ రాష్ట్రమున పాఠశాలలు కట్టుటకు విద్యామండలివారు ఋణము తీయదలచినచో, ఆ ప్రాంతపు ఓటర్లు సమ్మతింపవలెను. ఆ ఋణము ఆస్తిపన్నుతో తీఱును. సన్ సిటీ మొదట పియోరియా అను పొరుగూరి విద్యామండలిలో చేరియుండెను. 1962 మొదలు 1974 వఱకు ఇట్టి ఋణప్రతిపాదనలు పదికి పైగా ఓడిపోయినవి. ఓడించినవారిలో ముఖ్యులు సన్ సిటీ వృద్ధులే. పొరుగున బాలుర సంఖ్య పెరుగుచుండగా బడికి గదులు లేకపోయెను. తుదకు సన్ సిటీని ఆ విద్యామండలినుండియే వేఱుచేయవలసి వచ్చెను.

వృద్ధుల వాదమును గూడ వినుట న్యాయము. “మా రాబడి పెరుగునది కాదు; మా బిడ్డలను చదివించుటకు మేము కాపురమున్న ఊళ్లలో పన్నులు చెల్లించియే యున్నాము; మరల ఏల?” అని వారనిరి. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని తాము బాలురుగా నున్నపుడు తమ బడికి పన్ను కట్టినవారిలో బిడ్డలు లేని వృద్ధులును ఉండిరి గదా! విద్యాఋణము ఇచ్చినవానికే తిరిగి చెల్లునది కాదు. వెనుక వచ్చువారికి చెల్లునది. బడిపంతులనైన నేను ఈ ఒక్క విషయమున పక్షపాతినే.

ప్రక్కనున్న యంగ్‌టౌనులో జరిగినది మఱియొక పాఠము. అచ్చట ఒక వృద్ధదంపతులు తమ మనుమని ఇంట నుంచుకొనిరి. వయస్సు నియమము తప్పినదని పురపాలకులు వారిపై చర్యకు పూనుకొనిరి. వివాదము పెరిగి రాష్ట్రాధికారుల వఱకు పోయెను. ఆ ఊరి నియమము చట్టప్రకారము చెల్లదని తేలి, 1998లో అది తొలగెను. వీధులలో పిల్లలు కనబడిరి. అవ్వ తాతల ఒడిలోనికి మనుమడు వచ్చుట నేరమగు ఏర్పాటు, ఎంత సుఖప్రదమైనను, ఎంతకాలము నిలుచును?

మన గ్రామములకు ఇట్టి పురములు కావలెనని గాని, వలదని గాని నేను చెప్పుట లేదు. కొడుకులు పట్టణములకు, కడలి కావలికి పోగా, మన ఊళ్లలో చాల యిండ్లు ఇప్పటికే వృద్ధుల యిండ్లయినవి. వారి కట్టడి మనకు వలదు గాని వారి కూటమి మనకు కావలెను. మనకు అందుకు తగిన సాధనమును ఉన్నది. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణ ననుసరించి, గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభ సభ్యులే. అందు ప్రవేశమునకు చందా లేదు. వయస్సు ముదిరినంత మాత్రమున తొలగింపును లేదు.

కావున పెద్దలారా, రచ్చబండమీద కూర్చుండి పంచాయతీని విమర్శించుటతో సరిపెట్టక, గ్రామసభకు పోయి లెక్కలు చదివి వినిపింపుడని అడుగుడు. నలుగురు కలిసి వారమున కొకనాడు ఒంటరివారి యిండ్లకు పోయి పలకరింపుడు. చదువు వచ్చినవారు సాయంకాలము పిల్లలకు ఎక్కములు చెప్పుడు. ఊరి బడికి గది కావలెనన్న మాట వచ్చినపుడు మొదట చేయి యెత్తువాడు తలనెరసినవాడై యుండవలెను. అపుడు మనలను పోషింపవలసిన భారముగా గాక, ఊరికి ఆధారముగా పిల్లలు చూతురు.