ముప్పై ఆరు మార్కుల పిల్లి

ముసలి పిల్లుల మీద ముఖచిత్ర కథనం గురువారానికల్లా కావాలన్నారు ఎడిటర్. ‘ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి’ అని కూడా అన్నారు. నిజమే, ఉన్నాయి. కాకపోతే కిటికీలో ఎండ కాచుకుంటున్న ఆ పిల్లుల్లో ఏది హాయిగా ఉందో, ఏది నొప్పిని దిగమింగుకుని ముడుచుకుందో చూసి చెప్పలేం. బాధను పైకి తెలియనివ్వకపోవడం పిల్లి నైజం. అది చెప్పడానికి ఏదైనా కొలమానం ఉందా అని వెతికితే ఒకే ఒక్క పేజీ కాగితం దొరికింది. గడువులో సగం దాంతోనే గడిచిపోయింది.

జంతువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ 2004లో అమెరికాలో తయారుచేసిన పట్టిక అది. నయం కాని జబ్బుతో ఉన్న జంతువు బతుకు దానికి బతుకులాగే ఉందా అని ఇంటివాళ్లు తేల్చుకోవడానికి ఏడు గళ్లు పెట్టారు: నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఒక్కోదానికి సున్నా నుంచి పది మార్కులు. బాగుంటే పది. మొత్తం 35 దాటితే సేవ కొనసాగించవచ్చు.

ముప్పై అయిదు! పదో తరగతి పాస్ మార్కు. అయితే టెన్త్‌లో ఒక్క సబ్జెక్టు పోయినా ఫెయిలే. ఇక్కడ అలా కాదు, అన్నీ కలిపేస్తారు. నొప్పి గడిలో సున్నా వేసి, మిగతా ఆరింటికీ ఆరేసి వేసి చూడండి. 36 వస్తుంది. నరకం అనుభవిస్తున్న పిల్లి పాసైపోయింది. ఈ చిక్కు డాక్టరమ్మకు తెలియనిదేం కాదు. ఊపిరాడటాన్ని కూడా నొప్పి గడిలోనే చేర్చి, దానికే అన్నిటికన్నా పెద్దపీట వేశారు. అయినా కూడిక చేతికిచ్చాక ఎవరైనా మొత్తమే చూస్తారు. అందుకే నాకు ఆ మొత్తం మీద నమ్మకం లేదు. ప్రశ్నల మీద మాత్రం బోలెడంత ఉంది.

‘తింటోంది కదా, బానే ఉంది’ అనేది మన ఇళ్లలో తీర్పు. కానీ ఆకలి గడి అడిగేది అంతకన్నా లోతైన సంగతి. గిన్నె దగ్గరికి తనంతట తానే వస్తోందా? వాసన చూసి, పెదాలు నాక్కుని, వెనక్కి తిరిగిపోతోందా? ముసలి పిల్లుల్ని తరచుగా పట్టుకునే కిడ్నీ జబ్బులో వికారం ఇలాగే కనిపిస్తుంది. శుభ్రత గడీ అంతే. వీపు మీద బొచ్చు ఉండలు కట్టిందంటే బద్ధకం అనుకుంటాం. ఒళ్లు వంచి నాక్కోవాలంటే నడుము సహకరించాలిగా! పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు చూసిన 2002 నాటి అమెరికా అధ్యయనంలో తొంభై పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. అందుకే ఇసుక ట్రే బయట ఉచ్చ పోస్తున్న పిల్లిని తిట్టేముందు ట్రే అంచు ఎంత ఎత్తుందో చూడాలి.

కాబట్టి తక్కువ మార్కు పడగానే అది తీర్పు అయిపోదు, ముందు పని చెబుతుంది. అంచు తక్కువున్న ట్రే, సోఫా పక్కన చిన్న పీట, కాస్త వెచ్చబెట్టిన తిండి, డాక్టరు నేర్పితే ఇంట్లోనే చర్మం కింద సెలైన్, సరైన నొప్పి మందు. ఇవన్నీ చేసి కొన్నాళ్లు ఆగి మళ్లీ మార్కులు వేయాలి. అప్పటికీ పైకి లేవని గడే అసలు సంగతి చెబుతుంది.

ఇంట్లో అందరూ విడివిడిగా వేస్తే మరీ మంచిది. రోజూ చూసే అమ్మ ఎనిమిది వేస్తుంది, సెలవులకొచ్చిన కొడుకు మూడు వేస్తాడు. దిగజారడం మెల్లగా జరిగితే పక్కనున్న కంటికి ఆనదు. ఆఖరి గడికైతే కేలండరే సాక్ష్యం: రాత్రి పడుకోబోయేముందు ఆ రోజు మీద టిక్కో, ఇంటూనో.

బాధ లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ మాట ఎత్తగానే ‘ఆ పాపం మాకొద్దు’ అంటారు చాలామంది. ఆ భయాన్ని నేను వెక్కిరించను. కానీ ‘దానంతట అదే పోతుందిలే’ అంటే, కిడ్నీలు పాడైన పిల్లికి రోజుల తరబడి వికారం, నీరసం. ఇంజెక్షన్ వద్దనుకున్న ఇంట్లోనూ నొప్పికి, వికారానికి మందు పడాల్సిందే.

చరిత్ర రెండు ముక్కల్లో: 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ ఫారాల్లో కుక్కి పెంచే పశువుల బాగోగుల గురించి నివేదిక ఇచ్చింది. అక్కడ మొదలైన ఆలోచన ఈ పట్టిక రూపంలో పెంపుడు జంతువుల ఆఖరి రోజుల దాకా రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

బాక్స్: ముఖం చెప్పే నొప్పి
మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో పిల్లి ముఖకవళికల స్కేలు ప్రచురించారు. చెవులు, కళ్లు, మూతి బిగువు, మీసాలు, తల వాలు. ఒక్కోదానికి 0 నుంచి 2. పదికి నాలుగు వస్తే నొప్పి మందు గురించి ఆలోచించాలి. పక్కకు తిరిగిన చెవులు, సగం మూసిన కళ్లు, భుజాల కిందికి వాలిన తల చెడ్డ గుర్తులు. పిల్లి నిద్రలో ఉన్నప్పుడు, తింటున్నప్పుడు మార్కులు వేయకూడదు.

బాక్స్: పారాసెటమాల్ వద్దు
జాలిపడి మన మాత్ర ముక్క చేసి పెట్టకండి. పారాసెటమాల్‌ను విచ్ఛిన్నం చేసే శక్తి పిల్లి కాలేయానికి లేనట్టే. దాంతో రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది. ఒక్క మాత్రే ప్రాణం తీయొచ్చు. పొరపాటున మింగితే చిగుళ్లు గోధుమరంగుకు తిరిగేదాకా ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. స్ట్రిప్ కూడా వెంట పట్టుకెళ్లండి, ఎంత మోతాదో ఆయన అడుగుతారు.