ఎర్ర మీటతో వచ్చిన తంటా

మైపాడు తీరపు ఉప్పుగాలికి మా ఊళ్ళో ఇనుపసామాను ఇట్టే తుప్పుపడుతుంది. అందుకే 1999లో కంప్యూటర్ కొన్నాక రోజూ తుడిచేదాన్ని. ఒకరోజు పెట్టె వెనక ఎర్ర మీట సందులో దుమ్ముంటే జడపిన్నుతో గీకాను. 'టక్' మని మీట పక్కకి జరిగింది. పట్టించుకోలేదు.

సాయంత్రం మావాడు స్విచ్ వేశాడో లేదో, ఢాం! కాలిన వాసన. "ఏం చేశావురా?" అంటూ మావారు వాడికి నాలుగు చీవాట్లు పెట్టారు. మర్నాడు మెకానిక్ చూసి, "ఈ మీట ఎవరు జరిపారమ్మా?" అన్నాడు. నా నోట మాట లేదు.

మన ఇళ్ళ కరెంటు 230 వోల్టులు. ఆ మీట 115 వైపు ఉంటే పవర్ సప్లై కాలిపోతుంది. ఇప్పుడొచ్చే చాలావాటికి ఈ మీట ఉండదు. పాత కంప్యూటరుంటే మాత్రం ఒకసారి చూసుకోండి. తుడిచేముందు ప్లగ్గు తీసేయండి, తడిగుడ్డ వాడకండి.

మీట మార్చినా, పవర్ సప్లై కొత్తది వేయక తప్పలేదు. డబ్బు పోయిందన్న బాధ కంటే, చేయని తప్పుకి చీవాట్లు తిన్న పిల్లాడి ముఖమే నన్ను బాధించింది. ఆ రాత్రి అందరి ముందూ "తప్పు నాదేరా" అని చెప్పేశాను.

"పోనీలేమ్మా, ఇక జడపిన్ను జడలోనే ఉంచుకో!" అన్నాడు వాడు.