పెద్దల ఓనమాలు

పిల్లలకు సండే స్కూలు ఉంది. మరి నలభై ఏళ్లు దాటాక దేవుడి గురించి మొదటి ప్రశ్న అడగాలనుకునేవారికి? వారికీ చర్చిలో ఓ బడి ఉంది. అది దాదాపు క్రైస్తవమంత పాతది. ఈ బడిలో విద్యార్థి జ్ఞాపకశక్తి కన్నా పంతులు ఓపికకే ఎక్కువ పరీక్ష!

జర్మనీలోని హాలే నగరం. 1746వ సంవత్సరం. అక్కడి అచ్చుయంత్రం మీద ఓ చిన్న పుస్తకం తయారైంది. అందులోని అక్షరాలు మాత్రం జర్మన్‌వి కావు... తెలుగువి! సి.పి.బ్రౌన్ పుట్టడానికి యాభై రెండేళ్ల ముందు మాట ఇది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఒకటైన దాన్ని అనువదించింది బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ. మద్రాసులో చాలాకాలం పనిచేసి తెలుగు నేర్చుకుని, స్వదేశానికి తిరిగి వెళ్లాడాయన.

అది కావ్యం కాదు, నిఘంటువూ కాదు. క్రైస్తవ విశ్వాసంలోని మొదటి పాఠాలను ప్రశ్నలు, జవాబులుగా చెప్పే పుస్తకం. మార్టిన్ లూథర్ రాసిన 'చిన్న కేటకిజం'. అందులో ప్రతి పాఠం తర్వాతా ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: దీనికి అర్థమేమిటి?

చర్చిలో పెద్దవాళ్లకు పాఠం చెప్పేవారందరి కష్టమూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. అప్పగించడం వేరు, అర్థం చేసుకోవడం వేరు మరి!

ఏం నేర్పుతారు?

శాఖలు ఎన్ని ఉన్నా ప్రాథమిక పాఠాలు చాలాచోట్ల నాలుగే. మొదటిది విశ్వాస ప్రమాణం. దేవుడు, యేసుక్రీస్తు, పరిశుద్ధాత్మల గురించి క్రైస్తవులు ఏం నమ్ముతారో నాలుగైదు వాక్యాల్లో చెప్పే సారాంశం. రెండోది పది ఆజ్ఞలు. ఎలా బతకాలో చెప్పేవి. మూడోది యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థన. దీన్నే పరలోక ప్రార్థన అంటారు. నాలుగోది సంస్కారాలు. క్యాథలిక్కులకు ఇవి ఏడు. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఎక్కువమంది బాప్తిస్మం, ప్రభువు బల్ల అనే రెండింటినే లెక్కిస్తారు. క్యాథలిక్కులు ఈ బోధనను సత్యోపదేశం అనీ, బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అనీ పిలుస్తారు.

నాలుగూ కలిపి అప్పగించడానికి పది నిమిషాలు చాలు. మరి నేర్పడానికి ఎంతకాలం కావాలి? ఈ ఒక్క ప్రశ్నకు చరిత్రలో ఒక్కో కాలం ఒక్కో జవాబు ఇచ్చింది.

మూడేళ్ల బడి

'కేటకిజం' అన్న మాటకు మూలం గ్రీకు. చెవిలో మారుమోగేలా చెప్పడం అని దాని భావం. పుస్తకాలు అరుదుగా దొరికే కాలంలో చదువంటే వినడమే కదా! మూడో శతాబ్దపు సంఘ పద్ధతులను చెప్పే 'అపోస్తలుల సంప్రదాయం' అనే గ్రంథం ప్రకారం బాప్తిస్మం కోరినవారు మూడేళ్లు వినాలి. వచ్చినవాళ్లను ముందుగా అడిగేది... ఏం పని చేస్తావని. మనుషుల్ని చంపే వినోద పోరాటాలతో పొట్టపోసుకునేవాడు ఆ పని మానేయాలి. వేశ్యాగృహం నడిపేవాడూ అంతే. పిల్లలకు చదువు చెప్పే పంతులు కూడా మానితే మంచిదట. అప్పటి చదువులన్నీ గ్రీకు, రోమన్ దేవతల కథలే మరి. అయితే వేరే పని చేతకాకపోతే మాత్రం అదే చేసుకోవచ్చని సడలింపు ఇచ్చారు. కడుపు కష్టం తెలిసినవాళ్లే రాశారన్నమాట!

మూడేళ్ల తర్వాత పరీక్ష. అందులో అప్పగింతల గొడవ లేదు. నేర్చుకునే రోజుల్లో ఇతను విధవరాళ్లను గౌరవించాడా? జబ్బుపడ్డవాళ్లను చూడటానికి వెళ్లాడా? తీసుకొచ్చిన మనిషి సాక్ష్యం చెప్పాలి. శ్రద్ధ ఉన్నవారికి గడువు తగ్గించవచ్చనీ, చూడాల్సింది కాలాన్ని కాదు నడతను అనీ ఆ గ్రంథమే చెబుతుంది.

నాలుగో శతాబ్దం చివర్లో ఎజీరియా అనే మహిళ పడమటి దేశాల నుంచి యెరూషలేముకు యాత్రగా వెళ్లింది. అక్కడ చూసినవన్నీ రాసిపెట్టింది. ఈస్టర్‌కు ముందు బిషప్పు రోజూ మూడేసి గంటల చొప్పున బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకు పాఠం చెప్పేవాడట. ఆయన మాట్లాడేది గ్రీకులో. ఆ ఊళ్లో చాలామందికి వచ్చింది సిరియా భాష. అందుకే ఆరాధనలో బిషప్పు మాటలను పక్కనే నిలబడి ఆ భాషలోకి మార్చే పెద్ద ఒకరు ఉండేవారని ఆమె రాసింది. వినేవారి భాషలోకి దిగిరాకపోతే ఆ బోధ గోడలకే వినిపిస్తుందని అప్పటికే గ్రహించారు.

ముందు కుర్చీ వేయండి!

ఈ బడి గురించి చెప్పేటప్పుడు అగస్టీన్ పేరు రాకుండా ఉండదు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పు. కార్తేజ్‌లో దేవగ్రాతియాస్ అనే డీకన్ కొత్తవాళ్లకు పాఠం చెబుతూ చెబుతూ విసిగిపోయాడు. చెప్పిందే చెప్పాలి, వినేవాళ్లకు ఎక్కుతుందో లేదో తెలియదు. ఏం చేయమంటారని అగస్టీన్‌ను అడిగాడు. సుమారు 400వ సంవత్సరంలో అగస్టీన్ ఇచ్చిన జవాబు ఓ చిన్న పుస్తకమైంది.

అందులో పెద్ద పెద్ద సిద్ధాంతాలతో పాటు ఓ చిన్న సలహా ఉంది. ఆ రోజుల్లో గురువు కూర్చునేవాడు, వినేవాళ్లు నిలబడేవారు. వినేవాడు ఆవులిస్తున్నాడంటే ఆసక్తి లేదని కోప్పడొద్దు, కాళ్లు నొప్పి పుడుతున్నాయేమో చూడమన్నాడు. కుదిరితే మొదటి నుంచే కూర్చోబెట్టి చెప్పమన్నాడు. చెప్పేవాడికి సంతోషం లేకపోతే వినేవాడికి రుచించదన్నది ఆయన మాటల సారం. పదహారు వందల ఏళ్లు గడిచినా, పగలంతా పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చే మనిషి విషయంలో ఇంతకన్నా మంచి సలహా దొరకదు.

తర్వాతి కాలంలో ఐరోపా అంతా క్రైస్తవమైంది. పసిపిల్లలకే బాప్తిస్మం ఇవ్వడం మామూలైంది. పుట్టుకతోనే సభ్యులు కదా, ఇక పెద్దలకు నేర్పేదేముంది? ఆ బడి మెల్లగా మూతపడింది. ఫలితం 1528లో బయటపడింది. జర్మనీలోని సాక్సనీ పల్లెల్లో చర్చిలను తనిఖీ చేస్తూ తిరిగిన లూథర్ నివ్వెరపోయాడు. జనానికి పరలోక ప్రార్థన కూడా రాదు. కొందరు పాస్టర్లదీ అదే స్థితి. మరుసటి ఏడాదే, అంటే 1529లో 'చిన్న కేటకిజం' రాశాడు. ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్లకు నేర్పుకోవాలన్నది దాని ఉద్దేశం. హాలేలో తెలుగు అక్షరాల్లోకి వచ్చింది ఆ పుస్తకమే.

గుండ్లకమ్మ ఒడ్డున

తెలుగునేల మీద ఈ ప్రశ్న మరింత పదునుగా ఎదురైంది. 1876-78 నాటి ఘోర కరవు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. కూలీలకు పని దొరకాలని బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఓ భాగాన్ని కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది పనికి వచ్చారు. వచ్చినవాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు! తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు కాలంలో నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు.

కరవు సహాయం ముగిశాక తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ప్రపంచ క్రైస్తవ చరిత్రలో ఈ సంఖ్య ప్రసిద్ధం. కానీ అప్పట్లోనే విమర్శలూ వచ్చాయి. ఇంతమందికి ఏం తెలుసని బాప్తిస్మం ఇచ్చారన్నది వాటి సారాంశం.

ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల కూలీలు. ఊరి బడి వారిని గడప తొక్కనివ్వని రోజులవి. చదవడం రాదు. పుస్తకం చేతికిచ్చి నేర్చుకోమనడానికి లేదు. మూడేళ్ల బడి ఇక్కడ బాప్తిస్మం తర్వాతే మొదలవ్వాల్సి వచ్చింది. చెప్పేవాళ్లను తయారు చేయడానికి 1872లోనే రామాయపట్నంలో వేదాంత పాఠశాల పెట్టారు.

అలా ఊరూరికీ వచ్చినవాడే 'ఉపదేశి'. ఈ మాట పల్లెల్లో పాత తరానికి బాగా తెలుసు. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పొలం నుంచి వచ్చిన పెద్దలకు ఆజ్ఞలు, ప్రార్థన. లాంతరు వెలుగులో ఆయన ఒక ముక్క చెబితే అందరూ కలిసి చెప్పేవారు. చదువు రానివారికి పాటే పాఠ్యపుస్తకం. పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్దపు వాగ్గేయకారుల రచనలతో కూడిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' ఈనాటికీ చర్చిల్లో ఉంది. రాగం, తాళంతో సిద్ధాంతం గుర్తుండిపోయేది.

డోర్నకల్‌లో వి.ఎస్.అజరయ్య ఈ పద్ధతికే పెద్దపీట వేశారు. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న ఆయన 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. బాప్తిస్మం పొందినవారి చేత తలమీద చెయ్యి పెట్టించి, విన్న శుభవార్తను నలుగురికీ చెబుతానని పలికించేవారట. నేర్చుకున్నదాన్ని మరొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడే కదా మనకు ఎంత తెలుసో తేలేది!

'పాపం' అంటే ఏమిటి?

తెలుగులో ఈ పాఠం చెప్పేవారికి ఇంకో చిక్కు ఉంది. మాటలు తెలిసినవే, అర్థాలు వేరు. 'పాపం' అనగానే మనకు జాలి గుర్తొస్తుంది. దెబ్బ తగిలిన పిల్లాణ్ని చూసి 'అయ్యో పాపం' అంటాం. చర్చిలో మాత్రం అది దేవుడికి దూరమైన స్థితి. 'రక్షణ' అంటే బయట పోలీసులు, సైన్యం. లోపల, పాపం నుంచి విడుదల. 'సాక్ష్యం' అంటే కోర్టు మెట్లు గుర్తొస్తాయి. ఇక్కడ తన జీవితంలో దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం. 'సంఘం' అంటే పాల సంఘమో, పొదుపు సంఘమో కాదు... విశ్వాసుల సమూహం.

పుట్టినప్పటి నుంచి చర్చికి వచ్చేవారికి ఈ తేడా తెలియకుండానే వంటబడుతుంది. పెళ్లితోనో, స్నేహంతోనో, కష్టకాలంలోనో పెద్దయ్యాక వచ్చినవారికి ఎవరో ఒకరు విప్పి చెప్పాలి. చెప్పకపోతే తలూపుతారు. అడగడానికి మొహమాటం. అందరికీ తెలిసింది తనకొక్కడికే తెలియదేమోనన్న జంకు. నిజానికి పక్కన ముప్పై ఏళ్లుగా కూర్చున్నవారికీ 'త్రిత్వం' అంటే ఏమిటో అడిగితే తడబాటే!

మళ్లీ తెరిచిన తలుపు

ఇది గ్రహించే రెండో వాటికన్ మహాసభ 1963లో పెద్దల శిక్షణను మెట్లు మెట్లుగా పునరుద్ధరించాలని నిర్ణయించింది. 1972లో దానికి క్రమం వెలువడింది. ముందు విచారణ దశ. ప్రశ్నలు అడగడానికే అది. తర్వాత శిక్షణ. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో చివరి సిద్ధపాటు. ఈస్టర్ ముందు రాత్రి జాగరణలో జ్ఞానస్నానం. దాంతోనూ పాఠం ముగియదు. పొందినదాని అర్థాన్ని తర్వాతి వారాల్లో నేర్చుకుంటారు. అభ్యర్థికి తోడుగా ఒక జ్ఞానతల్లి లేదా జ్ఞానతండ్రి ఉంటారు.

ప్రొటెస్టెంట్లలో మరో దారి వచ్చింది. లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ చర్చిలో 1977లో మొదలైన 'ఆల్ఫా' కోర్సు 1990 తర్వాత నిక్కీ గంబెల్ చేతుల్లో ప్రపంచమంతా పాకింది. పద్ధతి తేలిక. ముందు అందరూ కలిసి భోజనం. తర్వాత ఓ ప్రసంగం. ఆ తర్వాత చిన్న బృందాల్లో చర్చ. ఎంత ఇబ్బందికరమైన ప్రశ్నయినా అడగొచ్చు. అగస్టీన్ కుర్చీ వేయమన్నాడు, వీళ్లు విస్తరి కూడా వేశారు!

మన ఊళ్లలో చాలా సంఘాల్లో బాప్తిస్మానికి ముందు కొద్దిపాటి తరగతులే. తేదీ దగ్గర పడుతుంటే పాఠాలు పరుగెడతాయి. ఆ పరుగులో పోయేది ఏమిటో వెంటనే కనిపించదు. ఆస్పత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడో, 'నాన్నా, దేవుడు ఉంటే తాతయ్య ఎందుకు చనిపోయాడు?' అని కూతురు అడిగినప్పుడో తెలుస్తుంది. అప్పుడు కంఠతా వచ్చిన నాలుగు ముక్కలు నోటికి వస్తాయి... అర్థం తెలిసి ఉంటేనే ఆదుకుంటాయి.

బాగా నేర్పిన ప్రతి కాలంలోనూ చర్చి చేసింది ఒకటే. వినేవారి భాషలోకి, వారి వేళకు, వారి అలసటలోకి దిగివచ్చింది. తొందరపెట్టలేదు. అవసరమైతే ఆగమని కూడా చెప్పింది. నేర్చుకునేవారికీ ఆ హక్కు ఉంది. 'నాకింకా అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అనే హక్కు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఒకటి పుట్టింది ఆ మాట అనేవారి కోసమే!