సి.ఆర్.టి. తెరపై పాత వీడియో ఆటల రిజల్యూషన్ అమరిక

పాత ఆట యంత్రాల పనితీరును కంప్యూటరులో అనుకరించే సాఫ్టువేరును ఎమ్యులేటరు అంటారు. ఎమ్యులేటరులో నడిచే ఆట సి.ఆర్.టి. తెరపై తొలినాటి రూపంలోనే కనబడాలంటే గ్రాఫిక్స్ కార్డు పంపే గీతల సంఖ్యను, రిఫ్రెష్ రేటును ఆ ఆటకు తగినట్లుగా అమర్చవలసి ఉంటుంది. ఎల్.సి.డి. తెరకు ఉన్నట్లు సి.ఆర్.టి.కి స్థిరమైన పిక్సెళ్ళు లేవు. ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుండి కుడికి, పై నుండి క్రిందికి గీతలు గీస్తూ బొమ్మను ఏర్పరుస్తుంది. కావున ఒకే తెర అనేక రిజల్యూషన్లను సహజంగా చూపగలదు. అయితే దానికొక హద్దు కలదు.

గీతల లెక్క

సెకనుకు గీసే మొత్తం గీతల సంఖ్యను అడ్డు పౌనఃపున్యం అంటారు. ఒక ఫ్రేములోని మొత్తం గీతలను రిఫ్రెష్ రేటుతో గుణిస్తే ఇది వస్తుంది. 1980ల నాటి చాలా ఆట యంత్రాలు కంటికి కనిపించే 224 లేదా 240 గీతలను పంపేవి. పుంజం తిరిగి పైకి చేరే వ్యవధిలోని కనిపించని గీతలతో కలిపి ఇవి సుమారు 262. దీనిని 60తో గుణిస్తే 15,720, అనగా రమారమి 15.7 కిలోహెర్ట్జ్. టీవీలు పనిచేసేది ఈ స్థాయిలోనే. వి.జి.ఎ. ప్రమాణంలోని 640×480 రిజల్యూషన్‌కు 525 గీతలు, సుమారు 31.5 కిలోహెర్ట్జ్ అవసరం. చాలా కంప్యూటరు మానిటర్లు 30 కిలోహెర్ట్జ్ కంటే తక్కువ సంకేతాన్ని స్వీకరించవు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

భారతదేశపు టీవీలు

భారత ప్రసార ప్రమాణం 625 గీతలు, 50 హెర్ట్జ్. అడ్డు పౌనఃపున్యం 15.625 కిలోహెర్ట్జ్. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆంధ్ర ప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల గ్రామాలలో జరిగిన సైట్ ఉపగ్రహ ప్రసార ప్రయోగానికి టీవీలను తయారు చేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. జపాను, అమెరికా ఆటలు 60 హెర్ట్జ్ కొరకు రూపొందినవి. అడ్డు పౌనఃపున్యం దాదాపు సమానమే కనుక ఆ సంకేతం మన టీవీకి మరీ దూరమైనది కాదు. కాని నిలువు వేగం, రంగుల పద్ధతి వేరు. రెండు పద్ధతులనూ స్వీకరించే టీవీ అయితే ఇబ్బంది ఉండదు. యూరపు టీవీలలో కనిపించే స్కార్ట్ సాకెట్టు మన దేశంలో అరుదు. అందువలన తరువాతి కాలపు టీవీలలోని కాంపొనెంట్ సాకెట్టే మేలైన దారి. దీనికి కంప్యూటరు యొక్క ఆర్.జి.బి. సంకేతాన్ని మార్చే పరికరం కావాలి.

మానిటరు వాడేవారికి ఉపాయం

టీవీ లేనివారు 240 గీతలను 120 హెర్ట్జ్ వద్ద పంపవచ్చును. 262ను 120తో గుణిస్తే 31,440. మానిటరు దీనిని మామూలు వి.జి.ఎ. సంకేతం వలెనే స్వీకరిస్తుంది. కాని ప్రతి ఫ్రేము రెండుసార్లు గీయబడుతుంది కాబట్టి కదిలే బొమ్మలు జంటగా కనబడతాయి. ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేము నల్లగా ఉంచితే ఈ దోషం పోతుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. మానిటరు పుంజం టీవీ పుంజం కంటే సన్నన కనుక గీతల నడుమ నల్లని ఖాళీలు ఎక్కువగా కనబడతాయి. ఇవే పాత ఆటల అసలు రూపమని కొందరు భావిస్తారు గాని ఇంటి టీవీలలో అవి ఇంత స్పష్టంగా ఉండేవి కావు.

వెడల్పు

సి.ఆర్.టి.పై నిలువు లెక్క ఎంత ముఖ్యమో అడ్డు లెక్క అంత ముఖ్యం కాదు. స్ట్రీట్ ఫైటర్ 2 ఆట 384×224, మెగా డ్రైవ్ ఆటలు ఎక్కువగా 320×224. రెండూ 4:3 తెరను నింపుతాయి, పిక్సెలు వెడల్పు మాత్రమే మారుతుంది. 256 పిక్సెళ్ళ వెడల్పుకు కావలసిన తక్కువ గడియార వేగాన్ని చాలా కార్డులు ఇవ్వలేవు. అందుచేత వెడల్పును 2560గా ఉంచుతారు. ఇది 256కు పది రెట్లు, 320కి ఎనిమిది రెట్లు. 384తో సరిగా భాగించబడకున్నా తేడా కంటికి ఆనదు.

రిఫ్రెష్ రేటు

అన్ని ఆటలూ సరిగ్గా 60 హెర్ట్జ్ కావు. పాక్‌మాన్ సుమారు 60.6, మోర్టల్ కాంబాట్ సుమారు 54.7. రెండవదానిని 60 వద్ద చూపితే సెకనుకు ఐదు ఫ్రేములు పునరావృతమై కదలిక కుదుపుగా ఉంటుంది. ఆటనే 60కి వేగవంతం చేస్తే దాదాపు 10 శాతం త్వరగా నడిచి, సంగీతపు శ్రుతి కూడా పెరుగుతుంది. ఆడేవారి చేతికి అలవాటైన లయ తప్పుతుంది. తెరనే 54.7కు మార్చడం సరైన పరిష్కారం. గ్రూవీమేమ్‌లోని స్విచ్‌రెస్ అనే భాగం ప్రతి ఆటకు ఈ లెక్కలను తనంతట తానే కట్టుతుంది. విండోస్‌లో రేడియన్ కార్డుల కొరకు సవరించిన సి.ఆర్.టి. ఎమ్యుడ్రైవర్ కలదు. లినక్సులో ఇవే అంకెలను మోడ్‌లైన్ అనే వరుసగా వ్రాయవచ్చును: మొదట పిక్సెలు గడియారం, తరువాత అడ్డు కొలతలు నాలుగు, నిలువు కొలతలు నాలుగు.

జాగ్రత్తలు

కొత్త తరహా మానిటర్లు హద్దు దాటిన సంకేతం వస్తే తెరను ఆపివేస్తాయి. టీవీలకు, పాత స్థిర పౌనఃపున్య మానిటర్లకు సాధారణంగా ఈ రక్షణ ఉండదు. 15 కిలోహెర్ట్జ్ టీవీకి 31 కిలోహెర్ట్జ్ పంపితే అడ్డు గీతలను నడిపే ట్రాన్సిస్టరు కాలిపోవచ్చును. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు పంపేది 31 కిలోహెర్ట్జ్ సంకేతమే కనుక, సరైన మోడ్ వచ్చిన పిదపనే టీవీని కలపవలెను. బొమ్మ పక్కకు జరిగితే మోడ్‌లైన్ అంకెలతో సరిచేయవలెనే గాని పెట్టె తెరవరాదు. రంగుల సి.ఆర్.టి.లోని 20 వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతకాలం నిలిచి ఉంటుంది.

ఎన్విడియా 2016లోను, ఎ.ఎమ్.డి. 2013 నాటి ఆర్9 290 తోను తమ మేటి కార్డుల నుండి అనలాగ్ సంకేతాన్ని తొలగించాయి. కొత్త కార్డుకు మార్పిడి పరికరం జోడించవచ్చును గాని అది తక్కువ గడియార వేగాన్ని అంగీకరిస్తుందో లేదో ముందుగా చూసుకోవలెను.