కండెలు చుట్టే చేతులు

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ కలిపేది సూది కాదు, మగ్గమే. అంచు పోగు, ఒంటి పోగు ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ పోతాయి. అందుకే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాల్సి వస్తుంది. ఆ రెండో మనిషి చాలాసార్లు ఇల్లాలే. కండెలు చుట్టేదీ ఆమే.

ఏం పని చేస్తావని అడిగితే మాత్రం, ఇంట్లోనే ఉంటానంటుంది.

2019-20 చేనేత గణన దేశంలో 35 లక్షల మందికి పైగా నేత, అనుబంధ కార్మికులను లెక్కించింది. వాళ్లలో నూటికి 70 మందికి పైగా మహిళలే! లెక్కలో ఉన్నా ఇంట్లో పేరు లేదు. కాబట్టి మొదటి మెట్టు చిన్నదే: చేనేత గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా తన పేరున ఉండాలి. రుణం అడగాలన్నా, పథకం అందుకోవాలన్నా అక్కడి నుంచే మొదలు. పొదుపు సంఘంలో ఉన్నవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు, సంతకం విలువ అక్కడే అర్థమవుతుంది.

కూతుళ్లకు దారులు ఇంకొన్ని ఉన్నాయి. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆసుపత్రి అంటే డాక్టర్లే కాదు. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు కూడా కావాలి.

రానూపోనూ ఛార్జీలు ఎక్కడివన్న ప్రశ్నకూ కొంత జవాబు దొరికింది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు టికెట్ ఉచితం. సీటు దొరకడం వేరే కథ.